గిరీశం మీద కోపం ఎందుకు రాదు?

'కన్యాశుల్కం' చూసిన ప్రతిసారీ నన్ను ఒకే సంగతి తొలుస్తుంది. గిరీశం మోసగాడని తెలిసీ మనకు కోపం రాదేం? ఇప్పుడు ఆడుతున్నది 1909లో గురజాడ తిరగరాసిన నాటకం. తెర లేవగానే విజయనగరంలోని బొంకులదిబ్బ దగ్గర ఒంటరిగా నిలబడి తన గుట్టంతా గిరీశం మనకే చెప్పేస్తాడు. ఊరందరికీ బొంకేవాడు మనకు మాత్రం నిజం చెప్పాడు. అంతే, మనం అతని మనుషులమైపోయాం.

స్వగతం పాత్ర మనసు విప్పి చూపుతుందంటారు. నేను నమ్మను. అది ముందు మన నోరు కట్టేస్తుంది. గిరీశం బాల వితంతువు బుచ్చమ్మకు వితంతు వివాహం గురించి నూరిపోస్తుంటే ఆ మాటల వెనక లెక్క మనకు తెలుసు, ఆమెకు తెలీదు. ఆ తేడాలోనే నవ్వు పుడుతుంది.

ఒక కరువు ఏడు అనంతపురంలో ఆ నాటకం వేశారు. వేరుశనగ చేలోనే ఎండిపోయింది. అయినా పల్లెల నుంచి జనం వచ్చారు. గిరీశం బుచ్చమ్మ గురించి తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, జనం పగలబడి నవ్వుతున్నారు. నా ముందు చాప మీదున్న ఒక అవ్వ లేచి నిలబడింది. "వాని మనసులో మాట ఆ పాపకు ఎవురన్నా చెప్పండప్పా!" అని అరిచింది. నవ్వు రెట్టింపయింది. పక్కవాళ్ళు కొంగు పట్టి లాగినా అవ్వ కూర్చోలేదు. ఆమెకు నాటకం తెలీదని అందరూ అనుకున్నారు. నాకలా అనిపించలేదు. విన్నది కడుపులో దాచుకుని నవ్వడం ఆమెకు చేతకాలేదు.

గురజాడ కోరిందీ అదేనేమో, మన నవ్వు మనకే గుచ్చుకోవాలనేమో. చివరికి వకీలు సౌజన్యారావు బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు, గిరీశానికి ఏమీ మిగలదు. సరే, న్యాయం జరిగింది. కానీ తెర పడే వేళ మన మనసు ఎవరి వెంట ఉంది? గిరీశం వెంటే. ఎవరు బాధపడ్డారన్నది కాదు, ఎవరు మనతో ముందు మాట్లాడారన్నదే లెక్కకొచ్చింది.

1880లో తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్ళారి రాఘవ, ఆడ వేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టాడు. వాళ్ళు రంగస్థలం ఎక్కారు. కానీ మనతో ముందు మాట్లాడేది ఇంకా గిరీశం లాంటివాళ్ళే. ఇప్పుడు ప్రేమకథతో నవ్వించే నాటకం రాసేవాళ్ళను నేను అడిగేది ఒక్కటే: మొదటి రంగంలో ఆ కుర్రవాణ్ణి లోపలే ఉంచి, ఆ పిల్లను ఒంటరిగా మా ముందు నిలబెట్టండి. మొదటి స్వగతం ఆమెకివ్వండి.