తెలియకపోవడం పవిత్రత కాదు

పిల్లలకు తమ ఒంటి సంగతులు తెలియనివ్వకుండా ఉంటేనే వాళ్లు పరిశుద్ధంగా పెరుగుతారని నమ్మే పెద్దలు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. పిల్లల మీద ప్రేమతోనే ఆ మాట ఎత్తరు. గుంటూరులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాక, ఉగాండాలో ఒక చర్చి బడిలో ఆరోగ్య పాఠాలు చెప్పడానికి వాలంటీరుగా వెళ్తున్నానన్నప్పుడు మా ప్రార్థన కూటంలో ఒక పెద్దాయన నన్ను అడిగారు: "సిస్టరమ్మా, అంత దూరం వెళ్లి ఎదిగే పిల్లలకు అలాంటివి చెప్పడం దేవునికి ఇష్టమైన పనేనంటారా?"

దాటవేయకుండా జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. నా జవాబు ముందే చెప్పేస్తాను. మంచీ చెడూ ఎరిగి, రెండు దారులూ ఎదురుగా ఉన్నప్పుడు మంచిని ఎంచుకున్నవాళ్లనే పవిత్రులంటాం. ఎంచుకోవడానికి ఏముందో కూడా తెలియని పిల్లలో మనం చూసి మురిసిపోయేది శీలం కాదు, నిస్సహాయత.

నేను వెళ్లింది మసాకా ప్రాంతానికి. కంపాలా నుంచి నైరుతిగా, భూమధ్యరేఖ దాటి వెళ్లాలి. దారి పొడవునా అరటి తోటలే. ఆ కాయల్ని ఉడికించి మెదిపిన మటోకే వాళ్లకు మనకు అన్నం లాంటిది. ఆ పక్కనే, అప్పటి రకాయి జిల్లాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున కసెన్సెరో అనే జాలరి ఊళ్లో, 1982లో మనుషులు చిక్కి శల్యమై చనిపోవడం మొదలైంది. చేతబడి అనుకున్నారు. ఆ జబ్బును 'స్లిమ్' అన్నారు. అది ఎయిడ్స్ అని తరవాత తెలిసింది. ఆ జబ్బుతో భర్తను పోగొట్టుకున్న నోయెరీన్ కలీబా 1987లో టాసో అనే సంస్థను పెట్టి, రోగుల పక్కన నిలబడింది. 1989లో ఫిలీ లుతాయా అనే పేరున్న గాయకుడు తనకు ఆ జబ్బుందని దేశమంతటికీ చెప్పి, ఆ ఏడాది చివర్లోనే కన్నుమూశాడు. ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యాముగిషా తనకు హెచ్‌ఐవీ ఉందని 1992లో తెలుసుకున్నాడు, దాచుకోకుండా బయటకు చెప్పాడు. ఆఫ్రికాలో అలా బయటపడిన మొదటి మతగురువుగా ఆయనకు పేరు. 1990ల మొదట్లో ఉగాండాలో చాలా ఎక్కువగా ఉన్న హెచ్‌ఐవీ శాతం, 2000 దాటేసరికి బాగా తగ్గింది. ఆ తగ్గుదలలో చనిపోయినవాళ్ల లెక్కా కలిసి ఉందన్నది నిజమే. కానీ నోరు విప్పి మాట్లాడడం వల్ల బతికినవాళ్లున్నారన్నదీ అంతే నిజం.

ఇంత చరిత్ర ఉన్న చోట కూడా పిల్లలు మూసిన నోళ్ల మధ్యే పెరుగుతున్నారు. 2016లో ఉగాండా పార్లమెంటు బడుల్లో సమగ్ర లైంగిక విద్యను ఆపమంది. 2018లో విద్యాశాఖ ఒక కొత్త ప్రణాళిక తెస్తే మతపెద్దలు అడ్డు చెప్పారు. దాన్ని చూసి మనం పెదవి విరవనక్కర్లేదు. 2005లో మన దేశం బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెడితే, 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు మన సంస్కృతికి తగదని వద్దన్నాయి.

మసాకా బడి తరగతిలో ఒక అట్టపెట్టె పెట్టాం. పేరు రాయకుండా ప్రశ్న రాసి అందులో వేయమన్నాం. నున్నగా గొరిగిన తలలతో, యూనిఫాంలలో బుద్ధిగా కూర్చునే ఆ పిల్లలు చేయెత్తి ఒక్క మాటా అడగరు. పెట్టె మాత్రం నిండిపోయేది. "మొదటిసారైతే కడుపు రాదంటారు, నిజమా?" "నిద్రలో నా బట్టలు తడుస్తున్నాయి, ఇది జబ్బా, పాపమా?" "దోమ కుడితే హెచ్‌ఐవీ వస్తుందా?" గుంటూరు ఔట్ పేషెంట్ విభాగంలో తల్లుల వెనక నక్కి నిలబడే పిల్లలు అడగలేకపోయిన ప్రశ్నలు ఇవే. అబ్బాయి రాసిన ఆ రెండో చీటీ మీద మనసు పెట్టండి. దేహం తన వేళకు తాను ఎదుగుతుంటే, ఒక పిల్లవాడు దాన్ని పాపమనుకుని ఎన్ని రాత్రులు కుమిలి ఉంటాడో! ఆ బరువును వాడి మీద పెట్టింది దేవుడు కాదు, మన మౌనం.

ఇంకో చీటీ నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. "బోడాబోడా అన్న నన్ను రోజూ డబ్బులు తీసుకోకుండా బడి దగ్గర దింపుతాడు. నేను అతనికి ఏమీ ఇవ్వకపోతే తప్పవుతుందా?" బోడాబోడా అంటే అక్కడి మోటారు సైకిల్ టాక్సీ. ఆ పిల్ల అడిగింది శరీరశాస్త్రం కాదు, ధర్మం. మేలు చేసినవాడి రుణం ఉంచుకోకూడదని ఇంట్లోనూ గుడిలోనూ నేర్పి ఉంటారు. ఎవరికి ఏది రుణమో, ఏది కాదో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ సుగుణాన్నే పట్టుకుని పెద్ద మగవాళ్లు ఆడపిల్లలను లొంగదీసుకుంటారు. తీసుకున్న లిఫ్టుకు నీ ఒళ్లు ఎప్పటికీ బాకీ పడదని తరగతి అందరికీ వినిపించేలా చెప్పాం. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లతో అలాంటి పని అక్కడి చట్టంలో నేరమనీ, ఇక్కడి పోక్సో చట్టమూ అదే అంటుందనీ చెప్పాం. రేపటి నుంచి ఎవరితో కలిసి బడికి నడవవచ్చో కూడా మాట్లాడుకున్నాం.

వేదాంతం అడిగే పెద్దలకు ఉగాండా సంఘం సొంత జ్ఞాపకమే ఒక జవాబు. కంపాలా దగ్గర నముగొంగోలో 1886 జూన్ 3న రాజు మ్వాంగా కొలువులోని యువకులను, పిల్లలను సజీవంగా దహనం చేశారు. ఏటా ఆ రోజున లక్షలమంది అక్కడికి నడిచి వెళ్తారు. చనిపోయినవాళ్లలో కిజిటో అనే పిల్లవాడికి పద్నాలుగేళ్లు ఉంటాయేమో. రాజు తన కోరికకు కొలువులోని పిల్లలను వాడుకోబోతే వాళ్లు లొంగలేదని, వాళ్ల పెద్ద చార్లెస్ ల్వాంగా వాళ్లను కాచుకుంటూ వచ్చాడని చర్చి చెబుతుంది. విశ్వాసం వదలనందుకూ, ఇందుకూ కలిపి వాళ్లు ప్రాణాలు ఇచ్చారు. ఆ పిల్లలకు ఏమీ తెలియకుండా ఉండి ఉంటే ఏమని కాదనగలిగేవాళ్లు? వద్దనాలంటే ఏది వద్దో తెలియాలి. ల్వాంగా వాళ్లకు చెప్పే ఉంటాడు.

బైబిలుకూ మన సిగ్గు లేదు. లేవీయకాండము పదిహేనో అధ్యాయం స్త్రీ పురుషుల స్రావాల గురించి సభ మొత్తానికి చెప్పిన విధి. పరమగీతము ప్రేమను దాచుకోలేదు. లూకా మొదటి అధ్యాయంలో గబ్రియేలు దూత వచ్చి కుమారుణ్ని కంటావని చెప్పినప్పుడు, పురుషుణ్ని ఎరగని తనకు అది ఎలా జరుగుతుందని మరియ అడిగింది. పిల్లలు ఎలా పుడతారో ఆమెకు తెలుసు కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది. పవిత్రతకు మనం ఎవరిని ఆనవాలుగా చూపిస్తామో ఆ కన్య ఏమీ తెలియనిది కాదు. దూత ఆమెను గద్దించలేదు, అడిగినదానికి జవాబిచ్చాడు.

ఇక అందరూ అడిగే కండోమ్ మాట. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ మొదటి రోజే నాతో, "సిస్టర్, తరగతిలో దాన్ని చూపించవద్దు, మా చర్చి ఒప్పుకోదు" అన్నారు. ఆవిడ ఇంట్లో ఆవిడ నియమం చెల్లుతుంది, నేను చూపించలేదు. తరవాత పెట్టెలో ఒక చీటీ వచ్చింది: "కండోమ్‌కు కంటికి కనిపించని రంధ్రాలుంటాయట, వాటిలోంచి వైరస్ వెళ్లిపోతుందట, అవునా?" చూపించకపోవడం వేరు, అబద్ధాన్ని అలాగే వదిలేయడం వేరు. చిరగని కండోమ్‌లోంచి వైరస్ దాటదనీ, ప్రతిసారీ సరిగ్గా వాడితే ముప్పు చాలా తగ్గుతుందనీ, పూర్తిగా పోదనీ చెప్పాను. చర్చి బోధ ఏమిటో బడి గురువుగారు చెప్పారు. పిల్లలు రెండూ విన్నారు. నిజం విన్న తరవాత కూడా నిలబడే బోధే బోధ. అబద్ధాన్ని ఊతగా పెట్టుకోవాల్సిన అవసరం ఏ దైవానికీ లేదు.

పరాయి దేశంవాళ్లకు ఈ మాటలు చెప్పే హక్కు ఎక్కడిదని అడిగితే, నేను చదువుకున్న ఊరి చరిత్ర చూస్తాను. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, మగ డాక్టరు చేయి తగలకూడదని ఇళ్లల్లోనే చనిపోతున్న స్త్రీలకు వైద్యం చేసింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. ఆమె ఉండిపోయింది. వాలంటీరు వెళ్లిపోతుంది, తేడా అదే. ఉగాండాలో బుగాండా ప్రాంతపు కుటుంబాల్లో ఎదిగే ఆడపిల్లకు ఈ సంగతులు చెప్పే బాధ్యత తండ్రి తోబుట్టువుది, ఆమెను సెంగా అంటారు. మన ఇళ్లలో మేనత్తకు ఉండే చనువు అది. కుటుంబాలు పట్నాలకు చెదిరాక, ఎయిడ్స్‌తో ఎందరో మేనత్తలు పోయాక, ఆ గొంతు చాలా ఇళ్లలో వినబడకుండా పోయింది. ఉన్నచోట కూడా భర్తను ఎలా మెప్పించాలో చెప్పినంతగా, తనను తాను ఎలా కాచుకోవాలో చెప్పేవారు కారు. అందుకే నేను పిల్లల కన్నా ఎక్కువగా ఊరి సెంగాలతో, టీచర్లతో కూర్చున్నాను. గర్భం ఎలా వస్తుంది, వైరస్ ఎలా సోకుతుంది అన్న విషయాలు నావి. వాటిని ఏ వయసు పిల్లకు, ఏ మాటతో, ఏ వేళలో చెప్పాలో నిర్ణయించింది వాళ్లు. వాలంటీరు హక్కు అంతవరకే: అక్కడ ఉండిపోయేవాళ్ల చేతికి విషయం అందించి తప్పుకోవడం.

చెబితే పిల్లలు పాడవుతారన్న భయానికి ఆధారం లేదు. లైంగిక విద్య పిల్లలను తొందరపెట్టదని, 2018లో సవరించిన యునెస్కో మార్గదర్శకాలు ఎన్నో దేశాల అధ్యయనాలు చూసి చెప్పాయి. చెప్పకపోతే ఏమవుతుందో మన లెక్కల్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. పదిహేను నుంచి పందొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. వీళ్లలో ఎంతమందికి పెళ్లికి ముందు ఒక్క మాటైనా ఎవరైనా చెప్పారు?

సంఘ పెద్దలారా, పాస్టరమ్మగార్లారా, ప్రతి వేసవిలో సెలవుల బైబిలు బడి అయిన వీబీఎస్‌లో పిల్లలకు పాటలు నేర్పుతున్నాం, వాక్యాలు కంఠతా పట్టిస్తున్నాం. ఈసారి పన్నెండేళ్లు దాటిన పిల్లలకు ఒక గంట కేటాయించండి. మీ ఊరి ఏఎన్‌ఎమ్‌ను పిలవండి. ఆడపిల్లలను, మగపిల్లలను విడివిడిగా కూర్చోబెట్టండి, ఒక పెట్టె పెట్టండి, చీటీలన్నిటికీ నిజమే చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్లకు ఫోను చెబుతుంది, లేదా వాళ్లను వాడుకోవాలనుకునేవాడు చెబుతాడు.