రెండంగుళాల తక్కువ

శనివారం వచ్చిందంటే వాడపల్లి దారి పట్టని కోనసీమ ఇల్లు తక్కువ. ఏడు వారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు. ఎర్రచందనపు కొయ్యలో వెలసిన ఆ వెంకన్నకు మొక్కని వాళ్ళెవరు? చంకన పిల్లలతో తిరిగే తల్లిదండ్రుల్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఈమధ్య ఆ ముచ్చట కాస్త చెడింది. చేతిలో బిడ్డ, చెవిలో ఆఫీసు మాటలు. ఎన్నో ప్రదక్షిణో లెక్క చెప్పేది ఐదేళ్ళ పిల్ల.

కరోనా వచ్చిన 2020లో లాప్‌టాప్‌లు సర్దుకుని హైదరాబాదు, బెంగళూరుల నుంచి అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లోని సొంతిళ్ళకు చేరిన వాళ్ళలో కొందరు ఇక్కడే నిలిచిపోయారు. 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత ఇంటర్నెట్ ఆపేస్తే, సిగ్నల్ కోసం గోదావరి దాటి మరీ పని చేసుకొచ్చారు. అంత శ్రద్ధను తప్పుపట్టను. పైగా అమెరికా కంపెనీకి పనిచేసే ఇంట్లో శుక్రవారం సంజె ఓ చిక్కుముడి. మనం దీపం పెట్టే వేళకు న్యూయార్క్‌లో జనం ఆఫీసులకు బయల్దేరుతుంటారు. బడి సంచీ మూల పడేసిన పిల్లకు సెలవు మొదలవుతుంది, అమ్మకు మీటింగు మొదలవుతుంది.

యశోద కూడా ఇంట్లో ఉండి పనిచేసిన తల్లే. ఆ రోజు దాసీలంతా వేరే పనుల్లో ఉంటే తనే కవ్వం పట్టింది. పిల్లాడొచ్చి కవ్వం పట్టుకుని ఆపేశాడు. ఒళ్ళోకి తీసుకుని పాలిచ్చింది. వాడి ఆకలి తీరకముందే పొయ్యి మీద పాలు పొంగాయి, దింపేసి పరుగెత్తింది. తర్వాత కుండ పగలడమూ తల్లి వెంటపడడమూ మీకు తెలియనివి కావు.

పాలు పొంగితే ఏ తల్లయినా లేస్తుంది, భాగవతం ఆమెను పల్లెత్తు మాటనదు. నేను పట్టుకున్నది అంతకు ముందు ముక్క. చిలుకుతున్నంతసేపూ ఆ తల్లి పాడుకున్నది కొడుకు చేష్టల గురించే. చేతిలో పని, నోట్లో కొడుకు. మన దగ్గర అది తిరగబడింది. ఒళ్ళో కొడుకుంటాడు, తలలో పనుంటుంది.

ఇక తాడు. ఎన్ని తాళ్ళు ముడివేసినా రెండంగుళాలు తక్కువే పడ్డాయి ఆవిడకు. మనం పిల్లల్ని కట్టేసే తాడు వేరు. ఫోను చేతికిస్తే చాలు, ఒక్క చుట్టుకే సరిపోతుంది. కట్టిన పిల్ల రోలు ఈడ్వదు, చెట్టు కూల్చదు, కిక్కురుమనదు. 'మా పాప ఎంత బుద్ధిమంతురాలో' అని మురిసిపోయే తల్లుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నట్టు, కొడుకుని రోలుకు కట్టి యశోద మళ్ళీ ఇంటిపనిలో పడింది. మద్దిచెట్లు కూలి నలకూబర మణిగ్రీవులకు శాపం తీరింది ఆ కాసేపట్లోనే. లోకమంతా చెప్పుకునే ఆ ఘట్టం ఆ తల్లి కంట పడలేదు!

వాడపల్లి వెళ్ళండి, మందపల్లి వెళ్ళి శనీశ్వరుడికి తైలాభిషేకం చేయించండి, వద్దనను. కానీ అంతకంటే ముందు శుక్రవారం దీపం దగ్గర పిల్లను కూర్చోబెట్టుకోండి. వత్తి దాని చేతే వేయించండి. నూనె ఒలుకుతుంది, ఒలకనివ్వండి. ఆ వెలుగుని ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టే పని మాత్రం వద్దు. పెట్టాక ఎవరు చూశారో చూసుకోవడంతోనే పూజ అయిపోతుంది.

"చెప్పడానికేం బాబాయిగారండీ, ఇక్కడ పాలు పొంగుతుంటేనూ?" అంటుంది మా వీధిలో ఓ అమ్మాయి.

దించి రామ్మా. దించాక మళ్ళీ ఇంకో గిన్నె ఎక్కించకు.

మగవాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. చెట్లు పడ్డ చప్పుడుకి వచ్చి, నవ్వుతూ ఆ కట్టు విప్పింది నందుడు. మన నందుల సంగతి రాయాలంటే ఈ చోటు చాలదు, పేపరు వాళ్ళు పెట్టిన గడువూ ముంచుకొచ్చింది. వచ్చే శనివారం చూద్దాం.