చీట్లు వేసి చికిత్స చేయుట న్యాయమా?

చక్కెర వ్యాధి లేని సంఘము నేడు కానరాదు. ఆరాధన ముగిసిన పిమ్మట పెద్దలు అరుగుమీద కూర్చుండి, "నీకు మూడు నెలల షుగరు ఎంత వచ్చినది?" అని ఒకరినొకరు అడుగుకొనుట మేము తరచుగా వినుచున్నాము. ఏడుకు దగ్గరగా ఉండవలెనని డాక్టరు చెప్పెననియు, తమకు తొమ్మిది దాటెననియు చెప్పుకొందురు. ప్రియ సహోదరులారా, ఈ ఏడు, తొమ్మిది అను లెక్కకు బలము కలుగుటకు 1,441 మంది మనుష్యులు తమ శరీరములను అప్పగించిరి. వారికి జరిగినది న్యాయమా అని ఈ నెల ఆలోచింతము.

1983వ సంవత్సరమున అమెరికా, కెనడా దేశములలో ఒక గొప్ప పరిశోధన మొదలుపెట్టబడెను. అందులో చేరినవారు 13 మొదలు 39 ఏండ్ల వయస్సు గలవారు. ఇన్సులిన్ సూది లేనిదే బ్రదుకజాలని మొదటి రకపు రోగులు. (మన పెద్దలలో ఎక్కువమందికి ఉన్నది రెండవ రకము.) రక్తములోని చక్కెరను ఆరోగ్యవంతుని స్థాయికి దగ్గరగా ఉంచినయెడల కండ్లు, మూత్రపిండములు కాపాడబడునా, లేక ఆ శ్రమయంతయు వ్యర్థమా అని వైద్యులలో అప్పటికి ఎంతో కాలముగా వివాదముండెను. అది తేల్చుటకై, చీట్లు వేసినట్లుగానే, ఎవరి ఇష్టమునకును విడువక రోగులను రెండు గుంపులు చేసిరి. 730 మందికి రోజుకు ఒకటి రెండు సూదుల పాత పద్ధతి వచ్చెను. 711 మందికి మూడు సూదులో అంతకెక్కువో, లేక ఇన్సులిన్ పంపు. దినమునకు నాలుగుమారులైనను వ్రేలు గుచ్చుకొని రక్తము చూచుకొనవలెను, వారమునకొకమారు తెల్లవారుజామున 3 గంటలకు లేచి చూచుకొనవలెను.

ఒకే వ్యాధి గలవారికి ఇట్లు వేర్వేరుగా వడ్డించుట ఏమి ధర్మమని కొందరడుగుదురు. మంచి ప్రశ్నయే. అయితే యూదా స్థానమునకు తగినవారిద్దరు నిలిచినప్పుడే అపొస్తలులు చీట్లు వేసిరి గాని, తగినవానికిని తగనివానికిని మధ్య వేయలేదు. ఏది మేలో తెలిసియుండియు చీట్లు వేయుట పాపము. ఎవరికిని నిశ్చయముగా తెలియనప్పుడు, రోగి విని ఒప్పుకొనినప్పుడు, అది వేరు సంగతి.

తెలిసికొనుట నిజమైన తెలిసికొనుటయై యుండవలెను. రోగులను చూచిన కేంద్రములు 29. ఒక్కొక్క చోట ఒక్కొక్క తూనికరాయి యుండినయెడల ఏమగునో మన సంతలకు వెళ్లువారెరుగుదురు. సామెతల గ్రంథము 20వ అధ్యాయములో దానిని గూర్చిన మాటయున్నది. కావున రక్తమంతయు మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు పంపబడెను. కంటి చిత్రములన్నియు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు పోయెను. వాటిని చూచి లెక్కకట్టినవారికి అది ఏ గుంపువాని కన్నో తెలియదు. లెక్కలన్నియు జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున కూడబెట్టబడెను. ఆ గదులలో కూర్చుండినవారు రోగి ముఖమునైనను చూచియుండరు. వారి చేయి వణకినయెడల రోగి సహించినదంతయు వృథాయై పోవును.

మాకు మింగుడుపడని సంగతి యొకటి కలదు. పాత పద్ధతివారికి తమ మూడు నెలల లెక్క, ఒక హద్దు మించినప్పుడు తప్ప, చెప్పబడలేదు. చెప్పినయెడల వారును తమ పద్ధతి మార్చుకొందురు, రెండు గుంపులు ఒకటై పోవునని కారణము. ముందుగా తెలిసి ఒప్పుకొనినవారే యైనను, తన రక్తపు లెక్క తనకు మరుగై యుండుట చిన్న త్యాగము కాదు. ఆ గుంపులో గర్భవతులైన స్త్రీలకు మాత్రము జాగు చేయక క్రొత్త పద్ధతి నిచ్చిరి.

వేరుగా ఏర్పరచబడిన పరిశీలకులు మధ్యమధ్య లెక్కలు చూచుచుండిరి. 1993లో మేలు స్పష్టముగా కనబడగానే, అనుకొనిన గడువుకు ఒక సంవత్సరము ముందుగానే ఆపించిరి. మూడు నెలల లెక్క ఒక గుంపులో సుమారు 7, రెండవదానిలో 9. మొదట కన్ను బాగుగానున్నవారిలో క్రొత్త పద్ధతివలన కంటిజబ్బు వచ్చు అపాయము నూటికి 76 వంతులు తగ్గెను. అయితే చక్కెర మితిమీరి పడిపోయి, పరుల సహాయము లేక లేవలేని స్థితి వారికి మూడంతలు ఎక్కువగా కలిగెను. కష్టము ఇరుప్రక్కలను ఉండెను.

పిమ్మట పాత పద్ధతివారికిని క్రొత్తది నేర్పిరి. కొన్ని ఏండ్లలో ఇరువురి లెక్కలు ఇంచుమించు సమానమాయెను. అయినను పోయిన ఏండ్లు తిరిగి రాలేదు. కంటిజబ్బు, మూత్రపిండముల జబ్బు వారిలోనే ఎక్కువగా కనబడుచు వచ్చెను. గుండెజబ్బులును వారిలోనే ఎక్కువని 2005లో వెల్లడియాయెను. చీటి వేసిననాడు అన్యాయము జరుగలేదని మేము చెప్పుదుము. వారికి నష్టము కలుగలేదని మాత్రము చెప్పము. పరిశోధన అని వినగానే మెచ్చుకొనువారు ఈ రెండవ మాటను త్వరగా దాటిపోవుదురు.

1994లో, ఇకమీదటను ఏటేట వచ్చి మీ కండ్లు, రక్తము చూపెదరా అని వారిని అడిగిరి. అప్పటికి బ్రదికియున్నవారు 1,428 మంది. రెండు గుంపులనుండియు కలిసి 1,375 మంది వచ్చెదమనిరి.