ఫలము కానరాని పని

మానవుడు చేయు పనులలో కొన్నింటి ఫలము సాయంకాలమునకే చేతికందును. కుండ చేసినవానికి కుండయు, వంట చేసినవానికి అన్నమును ఎదుట కానవచ్చును. కొన్నింటి ఫలము పంటవలె ఋతువు గడచిన పిమ్మట వచ్చును. మరికొన్నింటి ఫలము చేసినవాని జీవితకాలములో రానే రాదు. అట్టి పనిని ఏ బలముతో చేయవలెను? ఎవరును చూడనిచోట, విశేషమేమియు లేని గడియలో, దానిని సరిగా చేసిననేమి, చేయకున్ననేమి? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీనిని తేల్చుకొననివాని నీతి నిలుచుట కష్టము. పదిమంది చూచుచుండగా సరిగా పనిచేయుటకు సిగ్గు చాలును; ఒంటరిగా ఉన్నప్పుడు సరిగా చేయుటకు మరియొకటి కావలెను. ఆ మరియొకటి యేది?

ఇట్టి ప్రశ్నను ఊహలో నుంచక ఒక నిజమైన చోట నిలిపి చూచుట మేలు. స్కాట్లండు దేశమున బెన్ నెవిస్ అను పర్వతము కలదు. దాని ఎత్తు సుమారు 1,345 మీటర్లు. బ్రిటిష్ దీవులలో దానిని మించిన శిఖరము లేదు. అది ఉత్తరమున, సముద్రపు గాలుల కెదురుగా నున్నందున అచ్చటి వేసవి మన వేసవి వంటిది కాదు. నడి వేసవియైన జూలై మాసమందును శిఖరముపై సగటు వేడిమి 5 డిగ్రీల సెల్సియస్ ప్రాంతముననే యుండును. సంవత్సరమునకు సుమారు 4,000 మిల్లీమీటర్ల వర్షము పడును. ఎండ కాయు దినములకంటె శిఖరము మేఘములో మునిగియుండు దినములే హెచ్చు.

1881వ సంవత్సరమున క్లెమెంట్ రాగ్ అను పరిశీలకుడు జూన్ మాసారంభము నుండి అక్టోబరు నడుమ వరకు ప్రతిదినము ఈ కొండ నెక్కి శిఖరమున గాలి వేడిమిని, ఒత్తిడిని, వానను, మబ్బును గుర్తించి దిగివచ్చెను. ఆ సమయముననే కొండ క్రింద ఫోర్ట్ విలియం పట్టణమున ఆయన భార్య సముద్రమట్టపు లెక్కలను వ్రాసికొనుచుండెను. మరుసటి వేసవిలోను ఈ పని సాగినది. స్కాట్లండు వాతావరణ శాస్త్రసంఘము ఆయనకు బంగారు పతకము నిచ్చెను. ఆ పతకము ఎక్కినవానికి వచ్చినది. అయితే శాస్త్రమునకు కావలసినది శిఖరమునకును నేలకును గల భేదము. క్రిందనున్న ఆమె ఒక్క గడియ ఏమరినను, పైన ఆయన పడిన శ్రమలో ఆ గడియకు సగము అర్థమే మిగులును. ఎత్తున నిలిచి చేసిన పనికిని, ఇంటివాకిట నిలిచి చేసిన పనికిని తూకము సమానమని ఆ రెండు పుస్తకములే సాక్ష్యము పలుకును.

పిమ్మట ప్రజలు చందాలు వేసికొని శిఖరముపై రాతి కట్టడము నిర్మించిరి. 1883 అక్టోబరు 17వ తేదీన ఆ వాతావరణ పరిశీలన కేంద్రము తెరువబడెను. రాగ్ దాని అధికారి పదవిని కోరెను గాని అది ఆయనకు లభింపలేదు. రాబర్ట్ ఓమండ్ అనువారు నియమింపబడిరి. దారి చూపినవాడు వెలుపలనే మిగిలెను. లోకమున ఇట్లు జరుగుట క్రొత్త కాదు. అయినను పదవి రానంత మాత్రమున ఆ రెండు వేసవుల లెక్కలు అబద్ధము కాలేదు. రాగ్ ఆస్ట్రేలియాకు పోయి అచ్చటను వాతావరణపు పనినే సాగించెను.

ఆ కేంద్రమున కొద్దిమంది మాత్రమే నివసించెడివారు. పగలనక రాత్రియనక గంటకొకసారి ఒకరు వెలుపలికి పోవలెను. చెక్కపలకల నడుమ గాలి యాడునట్లు చేసిన పెట్టెను తెరచి, పొడి ఉష్ణమాపకమును, తడి ఉష్ణమాపకమును చూడవలెను. వర్షమాపకములోని నీటిని కొలువవలెను. గాలి దిక్కును, బలమును, మబ్బు తీరును గుర్తించవలెను. లోనికి వచ్చి భారమితిని చదివి అన్నింటిని పుస్తకమున ఎక్కించవలెను. దినమునకు ఇరువది నాలుగు మారులు ఇదే పని. కొండ క్రిందికి తంతి మార్గముండెను. ఆ లెక్కలు దానివెంట దిగిపోవుచుండెను.

వేసవి రాగానే ఆ జీవితము మారును. మంచు కరగును. శీతకాలమున మంచు నెత్తి కరగించి నీరు చేసికొన్నవారు ఇప్పుడు ఊటనీరు తెచ్చికొందురు. పేరుకొనిన మంచుకంటె ఎత్తున నిలుపుటకై పైకి లేపిన పరికరముల పెట్టె మరల నేలకు దగ్గరగా దిగును. పొట్టి గుర్రములు వంకరదారి వెంట బొగ్గును, నూనెను, డబ్బాలలోని ఆహారమును మోసికొని వచ్చును. రాబోవు చలికాలమునకు కావలసినదంతయు ఈ కొద్ది నెలలలోనే కొండ కెక్కవలెను. యాత్రికులు గుంపులుగా వత్తురు, వింతగా చూతురు, శిఖరము నుండి తంతివార్త పంపి సంతోషింతురు. రాత్రులు చిన్నవి, జూన్ నెలలో అర్ధరాత్రమందును ఆకాశమున సంధ్యవెలుగు పూర్తిగా పోదు.

కష్టము తగ్గినది గదా, ఇక వేసవిలో నీతికి పరీక్ష యేమున్నదని అడుగవచ్చును. అసలు పరీక్ష అప్పుడే కలదు. చలికాలపు తుఫానులో వెలుపలికి పోవువాడు ప్రాణభయముచేతనైనను మెలకువగా నుండును. కష్టము తానే కాపలాదారయి వానిని నిలుపును. వేసవి రాత్రి రెండు గంటలకు శిఖరమును మబ్బు కప్పియుండును, గాలి లేదు, ఉష్ణమాపకము ఐదు డిగ్రీలు చూపినది. మూడు గంటలకును అదే మబ్బు. లేవకయే మరల ఐదు డిగ్రీలని వ్రాసిన నెవరు పట్టుకొందురు? ఆ అంకె నిజము కావచ్చును గూడ! ఇట్టి ఆలోచన ఏ మనిషికైనను కలుగవచ్చును. దీనికి సమాధానమొక్కటే. చూచి వ్రాసిన ఐదు సాక్ష్యము. చూడక వ్రాసిన ఐదు ఊహ. అంకె యొకటే యైనను రెండింటి కులము వేరు. చూడలేకపోయిన గడియకు ఎదుట ఖాళీగా విడుచుటయే సత్యము. ఆ ఖాళీని అందముగా పూరించుట అసత్యము.

ఈ పని వలన లోకమునకు కలిగిన దేమి? 1894 సెప్టెంబరులో సి.టి.ఆర్. విల్సన్ అను యువకుడు కొంతకాలము సాయముగా పనిచేయుటకు ఈ శిఖరమున కెక్కెను. సూర్యకిరణములు మబ్బుపై పడగా తన నీడచుట్టు ఏర్పడిన రంగుల వలయములను చూచి అబ్బురపడెను. ఆ వింతను ప్రయోగశాలలో కల్పింపదలచి మేఘములను గాజుపాత్రలో పుట్టించుట నేర్చెను. ఆ కృషియే ముదిరి 1911 నాటికి పరమాణువు కంటె సూక్ష్మమగు కణముల జాడలను కంటికి చూపు మేఘపేటికయైనది. దానికై ఆయనకు 1927లో నోబెల్ బహుమానము లభించెను. కొండపై గంటగంటకు అంకెలు వ్రాసినవారిలో ఎవరును ఈ ఫలమును ఊహించి యుండరు. వారు దీపమును ఆరనీయక కాపాడిరి. ఆ వెలుగులో మరియొకడు మరియొకటి చూచెను.

ధనము చాలక 1904లో కేంద్రము మూతపడెను. కట్టడము శిథిలమయ్యెను. ఇరువది సంవత్సరముల లెక్కలు అచ్చుపుస్తకములలో నిదురించెను. శతాబ్దము గడచిన పిమ్మట, 2017లో, రెడింగ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుల పిలుపు నందుకొని వేలాది సామాన్యులు తమ తమ యిండ్లలో కూర్చుండి ఆ పుటలలోని సుమారు 15 లక్షల అంకెలను కంప్యూటర్లలోనికి ఎక్కించిరి. నాటి తుఫానులను, నాటి చలిని నేటి శీతోష్ణస్థితితో పోల్చుటకు అవి యిప్పుడు ఉపకరించుచున్నవి. వ్రాసినవారిలో ఒక్కరును అప్పటికి జీవించి లేరు.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. ఫలము వచ్చినది గనుక ఆ పని సార్థకమని చెప్పినచో, రానిచో వ్యర్థమని ఒప్పుకొనవలసి వచ్చును. పుస్తకములు అగ్నికి ఆహుతియై యున్నచో ఆ వేసవి రాత్రి మూడు గంటలకు లేచినవాడు మూఢుడగునా? కాడు. ఫలము కాలము చేతిలోనిది. దానిని బట్టి పనివానిని తూచుట, వాన పడలేదని దున్నినవానిని నిందించుట వంటిది. పనివాని చేతిలో నున్నది ఒక్కటే: తాను విడిచిపోవునది నమ్మదగినదై యుండవలెను. పదిహేను లక్షల అంకెలలో కొన్ని కల్పితములని తెలిసినను, ఏవి కల్పితములో తెలియక అన్నింటిని అనుమానింపవలసి వచ్చును. ఒకని సోమరితనము తోడివారందరి శ్రమను మలినము చేయును.

అట్లని ఫలములేని ప్రతి శ్రమయు పవిత్రమనరాదు. అలవాటుచే అర్థము లేక చేయు పనియు కలదు. రెండింటిని వేరుపరచుటకు రెండు ప్రశ్నలు చాలును. ఈ పని సత్యమును ఆశ్రయించినదా? దీనిని మరియొకరి చేతిలో పెట్టదగునా? రెండింటికిని అవునన్న సమాధానము వచ్చినచో, ఫలము నేడు వచ్చినను, నూరేండ్లకు వచ్చినను, రాకున్నను అది కాయకమే. అట్లు చేసినదానిని తనదని దాచుకొనక తెలియని రేపటివారికి విడుచుట దాసోహమే.

కొండ లేకున్నను ఇట్టి గడియలు ప్రతి యింటను కలవు. మఠపు ధాన్యపు కొట్టులో కొలత వ్రాయువాడు, వెనుక వరుసలోని బాలుని పలకను గూడ దిద్దు ఉపాధ్యాయుడు, ఎవరును అడుగని వేళ రోగికి మందు సమయము తప్పనీయని గృహిణి, వీరందరును ఆ శిఖరముపైని పరిశీలకులకు చుట్టములే. వారి పుస్తకమును నేడు ఎవరును తెరువకపోవచ్చును. తెరచినవారికి మాత్రము అందులో చూచి వ్రాసిన అంకెయే కనబడవలెను. చూడని గడియ ఎదుట ఖాళీయే కనబడవలెను.