వాద్యం ఎవరిది, మరమ్మతు ఎవరికోసం?

పాత వస్తువును బాగుచెయ్యటం మంచిపని అని అందరూ ఒప్పుకొంటారు. ఏ స్థితికి తెస్తే బాగుచేసినట్టు అని అడిగితే మాత్రం ఇద్దరి మాట కలవదు. ఈ చిక్కును ఒక పరాయి వస్తువు ఆధారంగా చర్చించదలచాను. అది అమెరికాలో పుట్టిన విద్యుత్ బేస్ గిటారు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి గిటారుతో పనేమిటని పాఠకులు నవ్వవచ్చు. ఆ పని ఎక్కడ పడిందో చివర చెబుతాను.

1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ అనే వాద్యాన్ని బజారులోకి తెచ్చింది. అంతకుముందు మంద్రస్వరం పలికించేవాడు మనిషెత్తు డబుల్ బేస్‌ను మోసుకు తిరగవలసి వచ్చేది. పైగా తక్కిన వాద్యాల హోరులో అది సరిగా వినిపించేది కాదు. కొత్తదానికి బోలు లేని చెక్క ఒళ్లు, నాలుగు తీగలు, మెడమీద లోహపు మెట్లు. తీగ కంపనాన్ని, అయస్కాంతాల చుట్టూ వేలచుట్లు చుట్టిన సన్నని రాగితీగ విద్యుత్తుగా మారుస్తుంది. మెడను నాలుగు మరలతో ఒంటికి బిగించారు. కావాలంటే విప్పవచ్చు, పాడైతే మార్చవచ్చు. అంటే ఈ వాద్యం పుట్టుకలోనే మరమ్మతుకు చోటు వున్నది. దీన్ని చేసినవాడు పనిముట్టుగానే చేశాడు.

1965లో ఆ కంపెనీని సి.బి.ఎస్. అనే ప్రసార సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. ఆ తేదీకి ముందు తయారైనవి కాలక్రమాన 'అసలైనవి' అయి కూర్చున్నాయి. వాటి ధర కట్టేవాళ్లు ముందు చూసేది రంగు మొదటిదేనా, టంకం ఎవరైనా కదిపారా, మరలు మారాయా అని. మళ్లీ రంగు వేయించిన వాద్యానికి ధర బాగా పడిపోతుంది, ధ్వనిలో తేడా వున్నా లేకపోయినా. ఉపయోగ విలువకూ వినిమయ విలువకూ గల వైరుధ్యాన్ని విద్యార్థులకు చెప్పటానికి ఇంతకన్న తేలిక ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ నాలుగు మరలూ విప్పిచూస్తే మరో సంగతి బయటపడుతుంది. 1950ల నాటి కొన్ని మెడల అడుగున పెన్సిలుతో 'టి.జి.' అని అక్షరాలూ, తేదీ వుంటాయి. ఆ మెడలు చెక్కిన కార్మికుడు టేడియో గోమెజ్. 1956లో అదే కర్మాగారంలో చేరిన అబిగైల్ ఇబారా అనే ఆమె దశాబ్దాల తరబడి ఆ రాగితీగ చుట్టింది. గోమెజ్ పెట్టిన అక్షరాలు పనిలో పెట్టుకొన్న గుర్తు మాత్రమే. ఇవాళ అవే అక్షరాలు ధరను పెంచుతున్నాయి. పెరిగిన ధర అమ్మేవాడిది. మెడ చెక్కిన చెయ్యికి అందులో భాగం లేదు. కార్మికుడి పేరు ఇన్నాళ్లకు కనపడిందని సంతోషించబోతే, అది వేలంపాట కాగితంలో కనపడుతున్నది!

మరి వాయించేవాడి మాటేమిటి? జాకో పాస్టోరియస్ వాయించింది 1962 నాటి జాజ్ బేస్. దానికి మెట్లు లేవు. ఆ సందులు పూడ్చి, పడవలకు పూసే ఎపాక్సీ పూత వేసుకొని వాయించాడు. సంగ్రాహకుడి ధర్మశాస్త్రం ప్రకారం అది చెడగొట్టిన వాద్యం. 1976లో వచ్చిన అతని మొదటి ఆల్బం విన్నవాళ్లు ఆ మాట అనలేరు. 1980ల నడుమ అది ముక్కలయింది. ఇద్దరు పనివాళ్లు ముక్కలన్నీ అతికి, పైన పల్చని చెక్కపొర వేసి నిలబెట్టారు. వాళ్లు దాన్ని 1962 నాటి స్థితికి తీసుకుపోలేదు, మెట్లు తిరిగి పెట్టలేదు. వాయించేవాడు ఎక్కడిదాకా తెచ్చాడో అక్కడికే తెచ్చారు. ఇదే సరైన మరమ్మతు అని నా అభిప్రాయం. 1986లో న్యూయార్కులో అది దొంగలపాలయింది. మరుసటేడే అతను చనిపోయాడు. వాద్యం రెండు దశాబ్దాల తర్వాతగాని బయటపడలేదు.

(1990ల నడుమ నుంచి ఆ కంపెనీయే కొత్త గిటార్లను గీకి, రంగు ఊడగొట్టి, పాతవాటిలా చేసి ఎక్కువ ధరకు అమ్ముతున్నది. చాకిరీ లేకుండానే చాకిరీ గుర్తులు! దీన్ని గురించి ఇంతకన్న రాయటం దండగ.)

అయితే వాడుక పేరుతో ఏం చేసినా చెల్లుతుందా? చెల్లదు. నేనే ఒక తప్పు చేశాను. మా ఊళ్లో ఒక పెద్దాయన బుర్రకథ చెప్పేవాడు. ఆయన పోయిన తర్వాత ఆయన నోటుబుక్కు నా చేతికి వచ్చింది. అంతా చెమట మరకలు, అంచుల్లో పెన్సిలు గీతలు. ఎం.ఏ. చదివిన ఉత్సాహంలో మరకలూ గీతలూ వదిలేసి, మాండలిక పదాలు దిద్ది, శుద్ధప్రతి రాశాను. నోటుబుక్కును అటకమీద పడేస్తే చెదలు తిన్నది. ఆ గీతలు గుమ్మెట ఎక్కడ ఆగాలో, వంత ఎక్కడ అందుకోవాలో చెప్పే గుర్తులని తర్వాత తెలిసింది. నా ప్రతిలో ఛందస్సు తప్పులు లేవు. దాన్ని పట్టుకొని ఎవరూ కథ చెప్పలేరు. ఆయన కోసం బాగుచేస్తున్నాననుకొన్నాను, నిజానికి నా పట్టా కోసం చేశాను. ఇతరుల వాద్యాలకు రంగు వెయ్యవద్దని ఉపన్యసించే అర్హత నాకున్నదా అనే సందేహం ఇది రాస్తున్నంతసేపూ వున్నది.

ఆయన వంతదారుల్లో ఒకాయన ఇంకా వున్నారు. సెలవుల్లో వెళ్లి ఆయన చేత కథ చెప్పించుకొంటూ నా ప్రతి మీద గుర్తులు పెడుతున్నాను. అవి పాత నోటుబుక్కువి కావు, ఈయన జ్ఞాపకంలో నుంచి వచ్చినవి. ఆ సంగతి మొదటి పేజీలో తేదీతో సహా రాశాను. నేను దిద్దిన మాటలను ఆయన ఒక్కొక్కటే వెనక్కు మార్పిస్తున్నారు.