భద్రాచలం ఏ జిల్లాలో ఉంది?

ఈ ప్రశ్నకి జవాబు మీ వయసుని బట్టి ఉంటుంది. 1959కి ముందు బడికెళ్ళినవాళ్ళకి తూర్పు గోదావరి. ఆ తర్వాత దాదాపు అరవయ్యేళ్ళు ఖమ్మం. 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. మధ్యలో 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత. భద్రాచలం మండలం కూడా వెళ్ళింది, పట్టణం మాత్రం ఉండిపోయింది. అలా రాముడు తెలంగాణలో ఉన్నాడు, ఆయన మాన్యాల్లో పెద్ద భాగం పక్కనే పురుషోత్తపట్నంలో, అంటే వేరే రాష్ట్రంలో ఉంది. గుడి మెట్ల మీద నిలబడి చూస్తే ఇందులో ఏ గీతా కనపడదు.

పరీక్షలో మాత్రం జవాబు ఒక్క అక్షరం. ఎ, బి, సి, లేదా డి.

ఖమ్మంలో, ముఖ్యంగా ఊరికి ఆనుకుని పెరిగిపోయిన ఖానాపురం హవేలి లాంటి చోట్ల, అద్దె గదుల్లో ఈ అక్షరాల మీదే బతుకుతున్న కుర్రాళ్ళు ఎంతమందో. మా పెద్దమ్మ మనవడొకడు అక్కడే నాలుగేళ్ళుగా ఉన్నాడు. డిగ్రీ అయింది. గోడ నిండా చార్టులు: రామ్‌సర్ సైట్లు, రాజ్యాంగ సవరణలు, నదులు-ఉపనదులు. ఒకసారి వెళ్ళినప్పుడు “హవేలి అంటే ఏందిరా?” అని అడిగాను. “అది రాదు బాబాయ్, సిలబస్‌లో లేదు” అన్నాడు, ఏ తడబాటూ లేకుండా. పాత రెవెన్యూ భాషలో హవేలి అంటే ఠాణాకి దగ్గరగా ఉండి, ఏ జమీందారు చేతికీ ఇవ్వకుండా సర్కారు నేరుగా చూసుకునే భూములు. వాడు పడుకునే చోటి పేరులోనే సర్కారు ఉంది, వాడు సర్కారు కోసం చదువుతున్నాడు. నాకు ఇలాంటివి సరదా. వాడికి ఆ సరదాకి టైము లేదు, అందులో వాడి తప్పేమీ లేదు.

నన్ను తొలిచే ప్రశ్న ఇది. వీళ్ళు సంపాదిస్తున్నదాన్ని మనం నాలెడ్జ్ అంటున్నాం. అది నిజంగా ‘తెలియడమే’నా? కాకపోతే, దాన్ని కొలబద్దగా పెట్టి జీతం, పింఛను, పెళ్ళి సంబంధం, ఊళ్ళో మర్యాద అన్నిటినీ పంచే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది?

మొదటి ప్రశ్న మనవాళ్ళకి కొత్తది కాదు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు (తెలుగువాడేనంటారు) జ్ఞానాన్ని రెండుగా చీలుస్తాడు: స్మృతి, అనుభవం. లోపల మిగిలిపోయిన సంస్కారం నుంచి మాత్రమే పుట్టేది స్మృతి. ప్రమ అనే గౌరవం మాత్రం యథార్థమైన అనుభవానికే దక్కుతుంది. చూసో, ఊహించో, నమ్మదగినవాడు చెప్పగా వినో తెలుసుకున్నదానికన్నమాట. జ్ఞాపకం ఎంత నిజమైనదైనా అది పాత తెలివిడికి ప్రతిధ్వనే. ఆ లెక్కన గోడ మీది చార్టు మొదటిసారి చదివినప్పుడు కలిగింది జ్ఞానం, పరీక్ష హాల్లో బయటికొచ్చేది స్మృతి. మనం జీతమిచ్చేది రెండోదానికి.

ప్లేటో ‘మెనో’లో సోక్రటీసు ఇంకో వైపు నుంచి వస్తాడు. లారిస్సా ఊరికి దారి నిజంగా తెలిసినవాడూ, ఎప్పుడూ పోకపోయినా సరైన ఊహ ఉన్నవాడూ ఇద్దరూ ఊరు చేరతారు కదా, మరి తేడా ఏంటి? సరైన ఊహ కట్టేయని బొమ్మలాంటిది, పారిపోతుంది. కారణాలతో కట్టేస్తేనే అది జ్ఞానమై నిలుస్తుందంటాడు. మన బిట్లు సరిగ్గా ఇలా పారిపోయేవే. ‘భద్రాచలం - ఖమ్మం జిల్లా’ అని కంఠతా పట్టినవాడి బిట్టు 2016లో ఒక్క రాత్రిలో చచ్చిపోయింది. గోదావరి ఎటు పారుతుంది, ఆ డివిజను ఆంధ్ర ప్రాంతంలో ఎందుకుండేది, ముంపు మండలాలని ఎందుకు కలిపారు అన్నది తెలిసినవాడికి మాత్రం ఇంకో కథ తోడైంది. మా ఇంజినీర్ల భాషలో చెప్పాలంటే మొదటిది క్యాష్. సర్వర్లో విలువ మారినా పాతదే చూపిస్తూ ఉంటుంది.

ఇంతవరకూ తేలికే. జీకేని వెక్కిరించడం అందరూ చేసేదే, ముఖ్యంగా ఉద్యోగాలున్నవాళ్ళు. అందుకే రెండో వైపు కూడా గట్టిగా చెప్పాలి.

బిట్టు గుడ్డిది. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది. 1854లో మెకాలే కమిటీ కంపెనీ ఉద్యోగాలకి పోటీ పరీక్ష ఉండాలని సిఫార్సు చేసేదాకా ఆ కుర్చీలు డైరెక్టర్ల మేనల్లుళ్ళవి. పరీక్ష మొదలయ్యాక 1863కల్లా సత్యేంద్రనాథ్ టాగోర్ లోపలికి రాగలిగాడు. పరీక్ష లండన్లో, ఇంగ్లీషులో, గ్రీకు లాటిన్లకి బోలెడు మార్కులతో ఉన్నా సరే. ఇవాళ ఓఎంఆర్ షీటుకి ఇంటిపేరు కనపడదు, యాస వినపడదు. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2లకి ఇంటర్వ్యూలు తీసేసినప్పుడు ఎక్కువ సంతోషించింది ఎవరో ఊహించండి. ఇంటర్వ్యూలో ‘వ్యక్తిత్వం’ చూస్తారంటే, ఆ మాటకి అర్థం ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడికి బాగా తెలుసు. తక్కువ అర్థమున్న ప్రశ్నే ఎక్కువ న్యాయంగా ఉండొచ్చు. ఇది ఒప్పుకోవడానికి నాలోని సాహిత్యాభిమానికి కష్టంగానే ఉంది, కానీ అది నిజం.

పైగా ఈ నేల మీద ఉద్యోగమంటే జీతమొక్కటే కాదు. 1969 ఉద్యమం రాజుకున్నది ఇక్కడే. పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల గొడవగా మొదలై, ఆ జనవరిలో ఖమ్మంలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ నిరాహారదీక్షతో ఊళ్ళకి పాకింది. దానికి వెనక 1956 పెద్దమనుషుల ఒప్పందం, ఇంకా వెనక 1919 ముల్కీ నిబంధనలు; ముందుకొస్తే 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవో. ఈ పేరాలో ఉన్నవన్నీ బిట్లే, గమనించారా? గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం మీద ఒక పూర్తి పేపరే ఉంది. ఉద్యోగాల కోసం జరిగిన పోరాటం ఉద్యోగాల పరీక్షలో ప్రశ్న అయింది. ‘610 జీవో ఏ సంవత్సరం?’ అన్నదానికి మావాడు అర సెకనులో జవాబు చెప్తాడు. దాన్ని ఎందుకు అమలు చేయలేదో ఆ పేపరు అడగదు. అడిగితే నాలుగు ఆప్షన్లలో పట్టదు కూడా.

గుడ్డితనం న్యాయమే అనుకుందాం. అయితే అది ఎంత న్యాయం? చిన్న లెక్క. 2023 జూలై 1న జరిగిన గ్రూప్-4కి దాదాపు 8 వేల పోస్టులు, 9 లక్షలకి పైగా దరఖాస్తులు. రెండు పేపర్లు, ఒక్కోటీ 150 ప్రశ్నలు, మొదటిది జనరల్ నాలెడ్జ్, తప్పుకి మార్కు కోత లేదు. సమానంగా చదివిన ఇద్దరు 40 ప్రశ్నలు తెలియక గుడ్డిగా గుర్తించారనుకోండి. సగటున చెరో పది కలిసొస్తాయి. కానీ ఒకరికి ఏడు, ఇంకొకరికి పదమూడు రావడం వింతేమీ కాదు, ఇంటర్ స్టాటిస్టిక్స్ చాలు ఇది చూపించడానికి. కటాఫ్ దగ్గర ఒక్కో మార్కు మీద ఎంతోమంది కిక్కిరిసి నిలబడి ఉంటారు. అక్కడ ఆరు మార్కులంటే ఒక జీవితానికీ ఇంకో జీవితానికీ మధ్య దూరం. అంటే ఆ గీత దగ్గర జరిగేది పరీక్ష కాదు, లాటరీ.

లాటరీ అన్నందుకు నాకేం బాధ లేదు. నిజానికి ప్రతి జీకే పుస్తకంలోనూ ఈ సమస్యకి ఒక పాత పరిష్కారం బిట్టు రూపంలో పడుంది: ‘చోళుల గ్రామ పరిపాలన గురించి తెలిపే శాసనం?’ ఉత్తరమేరూరు. మొదటి పరాంతకుడి కాలం, పదో శతాబ్దం తొలి రోజులు. సభ్యుడికి ముందు అర్హతలు: సొంత ఇల్లు, పన్ను కట్టే భూమి, 35 నుంచి 70 మధ్య వయసు, వేదవిద్య. లెక్కలు అప్పజెప్పనివాడూ వాడి బంధువులూ పనికిరారు. ఆ అర్హతల్లో ఎంతమందిని గుమ్మం బయటే ఆపారో చెప్పక్కర్లేదు. కానీ ఆ తర్వాతి పద్ధతి చూడండి. అర్హుల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, కుండలో వేసి, అందరి ముందూ ఒక చిన్న పిల్లాడి చేత తీయించారు. అదే కుడవోలై. మన రోజుల్లో మైకేల్ శాండెల్ కూడా ‘ద టిరనీ ఆఫ్ మెరిట్’లో హార్వర్డ్ లాంటి చోట్లకి ఇదే అన్నాడు: ఒక స్థాయి దాటినవాళ్ళలోంచి చీటీ తీయండి, గెలిచినవాడికి పొగరు తగ్గుతుంది, ఓడినవాడికి సిగ్గు తగ్గుతుంది.

ఇది మావాడికి చెప్తే కోపమొచ్చింది. “చీటీ అయితే నేనెందుకు చదవాలె బాబాయ్? రేపు ఉద్యోగమొస్తే నేను తెచ్చుకున్నా అని ఎట్ల చెప్పుకోవాలె?” నేను వాడి మాటని కొట్టిపారేయలేను. పొలం పోయినా, పైరవీ లేకపోయినా, ‘నేను చదివి తెచ్చుకున్నా’ అనే వాక్యం ఒక ఇంట్లో మొదటిసారి పలకడానికి చాలా బలముంది. అయితే ఆ వాక్యానికి ఒక నీడ కూడా ఉంది. రానివాడు ‘నేను చదవలేదు’ అని మిగిలిన జీవితమంతా నమ్మాలి. పద్నాలుగు గంటలు చదివినా సరే. కుండలోంచి పేరు రాకపోతే దురదృష్టం అంటాం, జనం జాలి పడతారు. కటాఫ్ ఒక మార్కులో పోతే సోమరి అంటారు. ఒకే రకం అదృష్టానికి ఇలా రెండు పేర్లు పెట్టడం నాకు అబద్ధంగా కనిపిస్తుంది, అది కూడా ప్రభుత్వం ఆడే అబద్ధంగా.

మా సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లోనూ ఇదే తంతు. బైనరీ ట్రీని తిరగేయమంటారు, చేరాక పదేళ్ళలో ఒక్కసారీ తిరగేసే పని రాదు. కానీ అక్కడ వృథా అయ్యేది ఒక మధ్యాహ్నం, ఫెయిలయితే పక్క కంపెనీ ఉంది. పక్క ప్రభుత్వం అంటూ ఉండదు. 503 పోస్టుల గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరు 16న జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ జరిగింది. బయోమెట్రిక్ సరిగ్గా తీసుకోలేదని ఆ సెప్టెంబర్లో హైకోర్టు దాన్నీ రద్దు చేయమంది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ ఎత్తేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు, జూన్ 9న మూడో ప్రిలిమ్స్. ఒకే మనిషి ఒకే గుమ్మం ముందు మూడుసార్లు. ఇరవైల్లోని సంవత్సరాలు అప్పుగా తీసుకుంటున్న ప్రభుత్వం కనీసం వాటికి లెక్క రాయాలి కదా. ఎన్నేళ్ళకొకసారి, ఎన్ని పోస్టులు, ఏ తేదీ. తేదీ తెలిస్తే మనిషి ఎప్పుడు ఆపేయాలో తనే నిర్ణయించుకోగలడు. సిలబస్ మార్చడం కన్నా ఇది ముందు కావాలి.

చీటీలైనా బిట్లైనా ఒక ప్రశ్న మాత్రం అలాగే మిగులుతుంది: అర్హత ఏది? ఇక్కడ భద్రాచలం మళ్ళీ వస్తుంది. 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రం జీవో నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. పైనుంచి వచ్చిన టీచర్లు బడికి సరిగ్గా రావట్లేదన్నది చెప్పిన కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఒప్పుకోదు, ఇంద్ర సహానీ తీర్పు 50 శాతం దగ్గర గీసిన గీత దాటింది అని. అప్పటికే చేరినవాళ్ళని మాత్రం షరతుల మీద ఉండనిచ్చింది. ఇది కూడా ఇప్పుడు ఒక బిట్టే, కేసు పేరుతో సహా: చేబ్రోలు లీలాప్రసాదరావు.

పుట్టుకే అర్హత అంటే కోర్టుకి అభ్యంతరం. సరే, అందులో వాదన ఉంది. కానీ ఎవరూ గట్టిగా అడగని మాట ఒకటుంది. దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ గూడెంలో అయిదేళ్ళ పిల్ల బడికొస్తుంది. ఆ పిల్లకి తెలుగు రాదు, లేదా వచ్చీరాదు. ఆ గదిలో టీచరు దగ్గర ఉండాల్సిన మొదటి తెలివి ఆ పిల్ల మాట అర్థం కావడం. మన పరీక్ష దాన్ని కొలవదు. కోయల పండుగల పేర్లూ, సమ్మక్క సారలమ్మ జాతర ఎన్నేళ్ళకొకసారి జరుగుతుందన్నదీ అడుగుతుంది. కోయల గురించి తెలిసినవాడికి మార్కు, కోయ తెలిసినవాడికి సున్నా. ఆ భాషలో పిల్లల వాచకాలు కూడా ఉమ్మడి రాష్ట్రంలోనే తయారయ్యాయి. అంటే ఆ అవసరం ప్రభుత్వానికి తెలియనిదేం కాదు.

ఏజెన్సీ బడి పోస్టుకి కోయో, గోండో, ఆ ఊళ్ళో పిల్లలు మాట్లాడే భాష ఏదైతే అది, ముఖాముఖి పరీక్షించి అర్హతగా పెడితే? అది పుట్టుక కాదు. నేర్చుకున్న ఎవరైనా రావచ్చు, ఖానాపురం హవేలి కుర్రాడైనా సరే. కానీ నేర్చుకోవాలంటే ఆ గూడేల్లో కొన్నాళ్ళుండాలి. పరీక్ష గుడ్డితనం కొంత పోతుంది, నిజమే. ఎదురుగా కూర్చుని వినేవాడు పక్షపాతం చూపించొచ్చు. ఆ వినేవాళ్ళు ఆ ఊరి తల్లులైతే ఆ భయాన్ని నేను భరిస్తాను.

ఇలాంటి పేపరు వస్తుందని ప్రకటించిన మర్నాడే ‘కోయ భాష: వెయ్యి ముఖ్యమైన బిట్లు’ అని పుస్తకం వచ్చేస్తుంది, నాకు తెలుసు. మావాడు దాన్ని మొదటి రోజే కొంటాడు. వారం తర్వాత, ఇందులో నోటితో ఎట్ల పలకాల్నో లేదు బాబాయ్ అని ఫోన్ చేస్తాడు. చర్ల బస్సు ఎన్నింటికో కనుక్కోమంటాను.