తల్లి విశ్రాంతి స్వార్థమా?

నోయిడానుండి ఢిల్లీకి మెట్రోలో ఉద్యోగమునకు వెళ్లు తల్లి తెల్లవారకమునుపే వంట ముగించి, సాయంకాలము మరల పొయ్యియొద్దనే నిలుచును. 2024 నాటి కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారము, మన దేశమున ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు, పురుషులు 88 నిమిషములు దానికి వెచ్చించిరి. ఇట్టి తల్లి కొంతసేపు ఊరక కూర్చుండుట స్వార్థమా?

బదరీవృక్షము క్రింద అలసి చావుగోరిన ఏలీయాను దేవుడు మందలింపలేదు. నిద్రింపనిచ్చి, దూతచేత అప్పమును నీళ్లును పంపించెను. పిమ్మటనే హోరేబునకు ప్రయాణము (1 రాజులు 19). కాబట్టి విశ్రాంతి సేవకు విరోధము కాదు, దానికి ఆధారము. అయితే ఆ అప్పమును ఏలీయా కాల్చుకొనలేదు. విశ్రమింపుమని చెప్పి పనియంతయు తల్లికే విడుచుట ప్రేమ కాదు. తండ్రులారా, బిడ్డలారా, నేటి సాయంకాలము పొయ్యియొద్ద మీరు నిలువుడి.